కూచిపూడి మీద ఎర్ర గీత

2025 అక్టోబరు నెలాఖరులో, అమెరికాలో మేముండే ఊరి తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ తిరిగింది. హార్వర్డ్‌లో ఆ ఏడాది చేరిన బ్యాచ్‌లో ఆసియన్ అమెరికన్లు 41 శాతం. అంతకుముందు ఏడాది 37. దాని కింద వరసగా చప్పట్లు, టపాసులు. ఒకాయన ఏకంగా "ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది" అని పెట్టారు. అదే స్క్రీన్‌షాట్‌లో ఇంకో రెండు వరసలున్నాయి. నల్లజాతి పిల్లలు 14 నుంచి 11.5కి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు 16 నుంచి 11కి తగ్గారు. వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. చప్పట్ల బొమ్మ పెట్టబోయి ఆగిపోయాను, అంతే.

ఎందుకు ఆగానా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. మా పిల్లల మీద ఈ అడ్మిషన్లలో చిన్నచూపు ఉందన్న మాట నేను నమ్ముతాను. కళ్ళారా చూశాను కూడా. కానీ ఆ చిన్నచూపుకి జవాబు చెప్పాల్సినవాళ్ళు ఒకరైతే, మనం వెళ్ళి ఇంకొకరి చెయ్యి పట్టుకున్నాం అనిపిస్తోంది. పట్టుకున్నాక ఇప్పుడు పండగ చేసుకుంటున్నాం. ఈ ముక్క మా గ్రూపులో రాసే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

కన్సల్టెంటు గారి పెన్ను

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకి చోటివ్వడానికి కాలేజీలు అప్పటిదాకా చూస్తూ వచ్చిన జాతిని ఇక అడ్మిషన్లలో చూడకూడదని. సరిగ్గా రెండు వారాలకి మా అమ్మాయిని తీసుకుని ఒక అడ్మిషన్ల కన్సల్టెంటు దగ్గరికి వెళ్ళాను. దోసెల హోటలు పైన రెండు గదుల ఆఫీసు. ఆయన మనవాడే. ప్యాకేజీ రేటు వింటే మా కారు వాయిదాలు ఏడాదికెంతో అంత.

అప్లికేషన్‌లో చదువు కాక చేసే పనులు పది దాకా రాయొచ్చు. మా అమ్మాయి శ్రద్ధగా ప్రింటు తీసి తెచ్చుకుంది. మొదటిది కూచిపూడి, తొమ్మిదేళ్ళు, రంగప్రవేశం అయింది. రెండోది మ్యాథ్ క్లబ్. మూడోది ఆదివారం తెలుగు బడిలో చిన్నపిల్లలకి గుణింతాలు నేర్పడం. ఆయన కాగితం అందుకుని, చదువుతూనే ఎర్ర పెన్ను తీసి కూచిపూడి మీద అడ్డంగా గీత కొట్టారు. పక్కన 7 అని వేశారు. మ్యాథ్ క్లబ్ కిందికి పోయింది. తెలుగు బడి మొత్తంగా కొట్టేసి, ఆ చోట "పిల్లలకి చదువు చెప్పడం" అని ఉండాలన్నారు. ఏ చదువో అక్కర్లేదట.

"ఇవి పైనుంటే ఫైలు చదివేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుందండీ."

"ఏం తెలిసిపోతుంది?" అన్నాను.

"ఇంకో ఇండియన్ అమ్మాయి అని."

"నేను ఇండియన్ అమ్మాయినే కదా అంకుల్," అంది మా అమ్మాయి.

ఆయన నవ్వారు. "అది నీకు తెలిస్తే చాలమ్మా."

జాతి గడి కూడా ఖాళీగా వదిలెయ్యమన్నారు. మా ఇంటిపేరు ఇంగ్లీషులో పదమూడు అక్షరాలు. అది పైన పెట్టుకుని కింద గడి ఖాళీగా ఉంచితే ఏం దాగుతుందో నాకు అర్థం కాలేదు. అయినా అలా ఖాళీగా వదిలింది మేమొక్కళ్ళమే కాదు. తీర్పు తర్వాత హార్వర్డ్‌లో చేరిన మొదటి బ్యాచ్‌లో జాతి చెప్పనివాళ్ళు 4 శాతం నుంచి 8కి పెరిగారు. ఆ నూటికి ఎనిమిది మందిలో ఎవరెవరున్నారో తెలియనప్పుడు మిగతా అంకెల్లో ఒకటీ రెండూ అటూ ఇటూ అయినా దానికి పెద్ద అర్థం లేదు. మా గ్రూపులో మాత్రం ఒక్క శాతానికి కూడా ఒక టపాసు పేలుతుంది.

నేను ఆ రోజు లేచి వచ్చేశానని రాయాలని ఉంది. రాలేదు. మొదటి వాయిదా కట్టాను. అమ్మాయి అప్లికేషన్ ఏడో వరసలో కూచిపూడితోనే వెళ్ళింది, అదీ ఉత్త "క్లాసికల్ డాన్స్" అని. తను కోరుకున్న పెద్ద కాలేజీలు రాలేదు, రట్గర్స్ యూనివర్సిటీలో చేరింది, సుఖంగా ఉంది. డార్మ్‌కి సామాను సర్దుతున్న రోజు గజ్జెల పెట్టె అలమారలోనే కనిపించింది. తీసుకెళ్ళవా అంటే, "ఏడో నంబరు దాన్ని అక్కడ ఎక్కడ పెట్టుకోనమ్మా" అంది.

ఆ గీత ఎప్పటిది

ఆ కన్సల్టెంటు గారిని తిట్టుకోవడం తేలిక. కానీ ఆయన భయం గాల్లోంచి ఊడిపడింది కాదు. ఆ సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళిన కేసు, హార్వర్డ్ మీద 2014లో వేసింది, 2018లో బోస్టన్‌లో విచారణకి వచ్చినప్పుడు బయటపడ్డ సంగతి అందరికీ తెలిసిందే. ఆసియన్ పిల్లలకి చదువులో, ఇతర కార్యక్రమాల్లో మంచి గ్రేడ్లు వేసి, "పర్సనల్ రేటింగ్" అనే గడిలో మాత్రం తక్కువ వేశారు. కలివిడితనం, ధైర్యం, మంచి మనసు, అలాంటివన్నీ ఆ గడిలోకి వస్తాయి. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు తెల్లపిల్లలకీ వీళ్ళకీ ఇంచుమించు ఒకే రేటింగ్ ఇచ్చారు. మొహం కూడా చూడని ఆఫీసువాళ్ళ దగ్గరే తగ్గింది. హార్వర్డ్ కావాలని వివక్ష చూపలేదని 2019లో జిల్లా జడ్జి తీర్పు చెప్పారు. కావాలని చేసినా కాకపోయినా, మా అమ్మాయి మంచి మనసుకి ఎవరో తెలియని మనిషి రెండు మార్కులు తగ్గించి ఉంటారేమో అనుకుంటే తల్లిగా నాకు మండుతుంది. మండకపోతే ఎలా?

అయితే ఆ గడి ఎక్కడిది? నల్లజాతి పిల్లలకి చోటివ్వడం కోసం పుట్టిందా? కాదు. నూరేళ్ళ కిందట మార్కులు మాత్రమే చూసే రోజుల్లో హార్వర్డ్‌లో యూదు పిల్లలు ఐదోవంతు దాటారు. 1922లో ఆనాటి అధ్యక్షుడు లోవెల్ వాళ్ళకి 15 శాతం దగ్గర కోటా పెట్టాలని చూశారు. బాహాటంగా పెడితే గొడవైంది. దాంతో దొడ్డిదారి వెతికారు. దరఖాస్తులో ఫొటో, తల్లి పుట్టింటి పేరు, తండ్రి ఇంటిపేరు ఎప్పుడైనా మార్చుకున్నాడా అన్న ప్రశ్న, "నడవడి", "నాయకత్వం" వచ్చి చేరినవి ఆ కాలంలోనే. అక్కడ చదివినవాళ్ళ కొడుకులకి ముందు పీట వెయ్యడం గట్టిపడింది కూడా ఆ రోజుల్లోనే. మార్కుల్లో ఆపలేనివాళ్ళని మనసు మార్కుల్లో ఆపడం అన్నమాట. అప్పట్లో యూదు కుర్రాళ్ళని "పుస్తకాల పురుగులు, కలవరు" అన్నారు. ఆ మాటే తిరిగి తిరిగి మా ఇంటికొచ్చింది.

అంటే మా అమ్మాయి కాగితం మీద పడిన ఎర్ర గీత నిజానికి 1922ది. మనం కోర్టుకి వెళ్ళి కొట్టేయించింది మాత్రం 1960ల తర్వాత నల్లజాతి పిల్లల కోసం తెరిచిన తలుపుని. తీర్పు వచ్చాక కూడా మార్కులు కాక మనిషిని తూచే పద్ధతి పోలేదు. లోవెల్ గారి గడి చెక్కుచెదరలేదు.

మింగుడు పడని లెక్క

నా వాదన ఇంత సాఫీగా లేదు. ఆ సుప్రీంకోర్టు తీర్పు చదువుతుంటే ఒక చోట గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టయింది. హార్వర్డ్‌కి అప్లై చేసినవాళ్ళని మార్కుల్ని బట్టి పది వరసలుగా పేరిస్తే, అన్నిటికంటే పై వరసలో ఉన్న ఆసియన్ పిల్లలకి సీటొచ్చే అవకాశం 12.7 శాతం. కింది నుంచి నాలుగో వరసలో ఉన్న నల్లజాతి పిల్లలకి 12.8. జాతిని లెక్కలోకి తీసుకోవడం వల్ల సీటొచ్చే ఆసియన్ అమెరికన్ల సంఖ్య 11.1 శాతం తగ్గిందని కూడా అందులోనే ఉంది. కాబట్టి "దానివల్ల మనకి పోయిందేమీ లేదు" అని నేను అనలేను. అనేవాళ్ళు ఈ అంకెల్ని పక్కన పెట్టి మాట్లాడుతున్నారు. పోయింది.

మరి మిగతా సీట్లు ఎక్కడికి పోతున్నాయి? అదే కేసులో మనవైపు నిలబడి సాక్ష్యం చెప్పిన ఆర్థికవేత్త పీటర్ ఆర్కిడియాకోనో. ఆయనే తోటివాళ్ళతో కలిసి ఆ కోర్టు కాగితాల నుంచే ఇంకో లెక్క తీశారు. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్లపిల్లల్లో 43 శాతానికి పైగా నాలుగు రకాలవాళ్ళు: ఆటల కోచ్‌లు ఎంచుకున్నవాళ్ళు, అక్కడ చదివినవాళ్ళ పిల్లలు, డీన్ గారి ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్ళు (చందాలిచ్చే పెద్దల పిల్లలు అని చదువుకోండి), అక్కడి ఉద్యోగుల పిల్లలు. నల్లజాతి, హిస్పానిక్, ఆసియన్ పిల్లల్లో ఈ బాపతు 16 శాతం కూడా లేరు. ఈ తెల్లపిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి ఆ దన్ను లేకపోతే సీటు రాకపోయేదట.

ఆ సీట్ల గురించి మా గ్రూపులో ఎవరూ మాట్లాడరు. కేసు వేసిన సంస్థని 2014లో పెట్టిన ఎడ్వర్డ్ బ్లమ్, అంతకుముందు టెక్సాస్ యూనివర్సిటీ మీద అబిగెయిల్ ఫిషర్ అనే తెల్లమ్మాయి వేసిన కేసు వెనకున్నాయన. ఆయన చూపు ఎప్పుడూ ఒకే తలుపు మీద. అది ఆయన ఇష్టం. మన చూపు కూడా దాని మీదే ఎందుకు నిలిచిపోయిందన్నదే నాకు పట్టని ప్రశ్న.

పట్టని ప్రశ్న అన్నాను గానీ, జవాబు దొరికిందేమో కూడా. మొన్న వేసవిలో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర నేను ఈ లెగసీ సంగతి, అంటే అక్కడ చదివినవాళ్ళ పిల్లలకి సీట్లిచ్చే సంగతి, ఎత్తాను. కాలిఫోర్నియాలో ప్రైవేటు కాలేజీలు పూర్వ విద్యార్థుల పిల్లలకి మొగ్గు చూపకూడదని 2024లో చట్టం చేశారు, స్టాన్‌ఫర్డ్ అయితే రాష్ట్ర స్కాలర్‌షిప్పు డబ్బులు వదులుకోవడానికైనా సిద్ధపడింది గానీ ఆ మొగ్గు వదులుకోలేదు, మన పిల్లల సంగతి మాట్లాడేవాళ్ళు దీన్నెందుకు పట్టించుకోరు అన్నాను. వాళ్ళమ్మాయికి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సీటొచ్చిన ఒకాయన పులిహోర కలుపుకుంటూ అన్నారు: "అది తియ్యమని మనమెందుకు అడగడమండీ? రేపు మన మనవళ్ళకి పనికొచ్చేది కదా."

అందరూ నవ్వారు. ఆయన సరదాకే అన్నారు. నాకు మాత్రం ఆ పూట ఇంకేమీ ఎక్కలేదు.

ర్యాంకెంత?

ఆంధ్రాలో చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా రోజుల్లో కాలేజీలో చేరిన మొదటి వారం సీనియర్లు "ఎంసెట్‌లో ర్యాంకెంత?" అని అడిగారంటే కులం అడిగినట్టే. జవాబు నాలుగంకెలైతే ఒక చూపు, ఐదంకెలైతే ఇంకో చూపు. 1998లో నాది నాలుగంకెల ర్యాంకు. విజయవాడ శివార్లలో రెసిడెన్షియల్ కాలేజీ, తెల్లవారుజామున ఐదింటి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదకొండుకి ముగిసే రెండేళ్ళ జైలు, బ్యాంకు క్లర్కైన మా నాన్న అప్పు చేసి కట్టిన ఫీజు. నా రూమ్మేట్‌ది ఐదంకెల ర్యాంకు. ప్రకాశం జిల్లా పల్లెటూరు, సాంఘిక సంక్షేమ హాస్టలు, ఇంటర్ రెండో ఏడాది కార్తీకమాసం దాకా లెక్కల లెక్చరరే లేని గవర్నమెంటు కాలేజీ.

మొదటి ఏడాది ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కి మినీ డ్రాఫ్టర్, అంటే గీతలు తిన్నగా గీసే పరికరం, కావాలి. తన దగ్గర లేదు. క్లాసులో సెట్‌స్క్వేర్లతో కుస్తీ పడుతుంటే లెక్చరర్ ఒకాయన "కోటా సీటుకి డ్రాఫ్టర్ కూడా ఎందుకులే" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. పైగా ఆ రాత్రి నుంచి నా డ్రాఫ్టర్ తనకి ఇచ్చేదాన్ని. నా షీటు పూర్తయ్యాక, పదకొండింటికి. తను ఒంటిగంట దాకా కూర్చుని గీసేది. ఏడాది పొడుగునా ఇలాగే. నేను చాలా మంచిదాన్నని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఒక్కరోజన్నా "ఇవాళ ముందు నువ్వు గియ్యి" అనలేదని ఈ మధ్యే, పాతికేళ్ళ తర్వాత, గిన్నెలు కడుగుతుంటే తట్టింది.

భారతదేశపు రిజర్వేషన్లూ, అమెరికా పద్ధతీ ఒకటి కాదు. మనది రాజ్యాంగం చోటిచ్చిన పద్ధతి, ఇన్ని సీట్లని లెక్క ఉంది. ఇక్కడ 1978లో బక్కీ (Bakke) అనే ఆయన కేసు నుంచే కోటాలు కూడవు, జాతిని ఒక కారణంగా చూడొచ్చంతే అన్నారు. ఆ "చూడొచ్చు" కూడా 2023లో పోయింది. ఏదైనా కష్టం గురించి వ్యాసంలో రాసుకుంటే, అది ఆ మనిషిని ఎలా మలిచిందో చూడొచ్చని ఒక కిటికీ మాత్రం వదిలారు. రెండూ ఒకటి కాకపోయినా వాటి గురించి మనం మాట్లాడే తీరు మాత్రం ఒకటే. మా గ్రూపులో "కోటా పిల్లలు" అన్న మాట చూసినప్పుడల్లా నాకా లెక్చరర్ గొంతు వినిపిస్తుంది. వేల కిలోమీటర్లు దాటొచ్చినా ర్యాంకెంత అన్న ప్రశ్న మాత్రం వీసా లేకుండా మనతో పాటే వచ్చేసింది.

ఒక్క గడిలో ఎందరు

"మన పిల్లల స్కోర్లు ఎక్కువండీ, కష్టపడతారు" అంటారు. కష్టపడతారు, నిజం. కానీ మనమెవరం? ఎంసెట్ అనే జల్లెడ, జీఆర్‌ఈ అనే జల్లెడ, స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ అనే జల్లెడ, ఏడాదికి ఎనభై అయిదు వేలే ఇచ్చే హెచ్‌1బీ లాటరీ అనే జల్లెడ, ఇన్నిట్లో నిలిచినవాళ్ళం. మా వీధిలో ఆరు తెలుగు ఇళ్ళుంటే పన్నెండు మందిలో తొమ్మిది మందికి మాస్టర్స్ ఉంది. ఇన్నిసార్లు జల్లించిన బియ్యాన్ని పట్టుకుని, చూశారా మా చేలో రాయి పండదు అంటే ఎలా?

దీనికి మా ఆయన దగ్గర గట్టి జవాబుంది. న్యూయార్క్ స్టైవెసంట్ హైస్కూల్లో ఒకే ఒక్క పరీక్షతో సీట్లిస్తారు. అక్కడ ఆసియన్ పిల్లలే ఎక్కువ. వాళ్ళలో చాలామంది హోటళ్ళలో పనిచేసేవాళ్ళ పిల్లలు, బీదవాళ్ళు. వాళ్ళని ఏ జల్లెడ పట్టారు? నా దగ్గర సమాధానం లేదు. ఆ పిల్లలకి "నువ్వు ముందే జల్లెడలో నిలిచినవాడివి" అని చెబితే అది అన్యాయం.

అసలు చిక్కు అక్కడే ఉంది. హోటల్లో గిన్నెలు కడిగే అమ్మ కొడుకు, లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబపు పిల్ల, ఇద్దరు సాఫ్ట్‌వేర్ జీతాల మధ్య పెరిగిన మా అమ్మాయి, ముగ్గురూ ఒకే "ఆసియన్" గడిలో ఉన్నారు. ఆ 41 శాతం పెరిగితే ఎవరు పెరిగినట్టు?

ఈ ప్రశ్న తెలుగువాళ్ళకి కొత్త కాదు. ఒకే గడిలో అందరినీ పడేస్తే పైనున్నవాళ్ళే అందుకుంటారని మాదిగ దండోరా 1994లోనే ప్రకాశం జిల్లాలో మొదలుపెట్టింది. నాకు ఆ లెక్క మొదట చెప్పింది నా రూమ్మేటే, డ్రాయింగ్ షీటు మీద పెన్సిలుతో ఏ, బీ, సీ, డీ అని నాలుగు గళ్ళు గీసి. 2000లో చట్టమైంది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, మళ్ళీ 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు జడ్జిల బెంచి వర్గీకరించుకోవచ్చంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ఎస్సీల 15 శాతాన్ని 1, 9, 5గా పంచి అమలు చేస్తున్నారు. పంపకం సరిగ్గా ఉందా లేదా అన్నది వేరే గొడవ. గడి లోపల ఎవరున్నారో చూడందే అంకెకి అర్థం లేదన్న సంగతి మాత్రం మనవాళ్ళు ముప్పయ్యేళ్ళు డప్పు కొట్టి చెప్పారు. అది విని పెరిగిన మనమే ఇక్కడికొచ్చి 41 చూసి టపాసులు కాలుస్తున్నాం.

ఇంకో మాట. ఆ అంకెలు చెప్పినట్టు వినే రకం కూడా కాదు. తీర్పు తర్వాత మొదటి ఏడాది ఎంఐటీలో ఆసియన్లు 40 నుంచి 47కి ఎక్కారు, నల్లజాతి పిల్లలు అంతకుముందు సగటున 13 ఉంటే 5కి పడిపోయారు. అదే ఏడాది యేల్‌లో ఆసియన్లు 30 నుంచి 24కి దిగారు. ప్రిన్స్‌టన్‌లోనూ 26 నుంచి 23.8కి. అప్పుడు మా గ్రూపు "మోసం" అంది. 2025లో ప్రిన్స్‌టన్‌లో 27.1 అయ్యేసరికి "న్యాయం" అంది. నల్లజాతి పిల్లలు అక్కడ 8.9 నుంచి 5కి వచ్చారు. నూటికి ఐదుగురు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి బయాలజీ ల్యాబ్‌లో పాతికమందికి ఒకే ఒక్క నల్లజాతి అమ్మాయి ఉండేది. తనతో జట్టుకట్టడానికి మొదటి రోజు ఎవరూ ముందుకి రాలేదని ఇంటికొచ్చి చెప్పింది. నువ్వు వెళ్ళావా అని అడిగాను. లేదంది.

జాతిని చూసే పాత పద్ధతే ఉండాల్సింది అని ఖాయంగా చెప్పలేను, ఆ 12.7 నన్ను చెప్పనివ్వడం లేదు. మా గ్రూపులో నేను కోరేది ఇంకా చిన్నది. తరువాత ఎవరైనా స్క్రీన్‌షాట్ పెడితే, పై వరస ఒక్కటే కాకుండా మూడు వరసలూ చదవాలి. కోర్టుకెక్కే ఓపిక ఇంకా మిగిలి ఉంటే ఈసారి లెగసీ మీద ఎక్కుదాం. మనవళ్ళ సంగతి మనవళ్ళు చూసుకుంటారు.

మా వాడిప్పుడు పన్నెండో తరగతి. ఈసారి కన్సల్టెంటు లేడు. వాడిది మృదంగం, ఎనిమిదేళ్ళు. మొన్న ఆదివారం ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఒక్కో పని గురించి రాసుకోవడానికి నూట యాభై అక్షరాలే ఇస్తారు, ఖాళీలతో కలిపి. మొదటి వరసలో "సౌత్ ఇండియన్ డ్రమ్" అని కొట్టాడు. డ్రమ్ ఏంట్రా అన్నాను. చెరిపి, రెండు వైపులా వాయించే వాద్యమనీ, కర్ణాటక సంగీతమనీ, అరంగేట్రమనీ రాస్తే రెండొందలు దాటిపోయింది. వ్రతాల్లో, పెళ్ళిళ్ళలో ఎవరెవరికి పక్కన వాయించాడో చెప్పడానికి చోటే లేదు. ముప్పావు గంట తిప్పలు పడ్డాక వాడు వివరణంతా తీసేసి, "మృదంగం" అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, వాయించిన చోట్లు మాత్రం కింద వేశాడు.

"అదేంటో వాళ్ళకి తెలియాలి కదరా," అన్నాను.

"గూగుల్ చేసుకుంటార్లే అమ్మా," అని తరువాతి గడికి వెళ్ళిపోయాడు.